తీగ తెగిన బేలు

ఏ బట్ట చేతికొచ్చినా స్యోంబువా ముందు జేబులో చెయ్యి పెడుతుంది. కాలరు, కుట్టు, మరకలు ఆ తర్వాతే. జేబు లేని బట్టనైనా పక్క కుట్టు వెంట ఒకసారి తడిమి, లేదని తేల్చుకుని, అప్పుడు మడత పెడుతుంది.

జేబుల్లో ఏవేవో దొరుకుతాయి. ఏ ఊరివో తెలియని బస్సు టిక్కెట్లు, తల పిన్నులు, గట్టిపడిన మిఠాయి. ఒకసారి కాగితంలో చుట్టిన పాలపన్ను దొరికింది. ఏ దేశపు బిడ్డదో. దాన్ని బయటికి తెచ్చి రేకుల కప్పు మీదికి విసిరింది. ఎవరి బిడ్డకైనా కొత్త పన్ను రావాలి కదా.

కోట్లకు అంటిపెట్టుకుని వచ్చే లోహపు బిళ్ళలను మాత్రం పారేయదు. వాటిని తెల్లగుడ్డ మీద పేర్చి ఫొటో తీసి ఫోన్లో పెడుతుంది. మొంబాసా ఓడరేవులో పనిచేసి దిగిపోయిన ఒక పెద్దాయనకు వాటి పిచ్చి. "అమ్మా, ఈసారి పడవ బొమ్మది ఏమైనా దొరికిందా?" అని ఆయనే ముందు అడుగుతాడు.

నైరోబీలో, గికోంబా బజారులో ఆమెకు ఒక బల్ల ఉంది. నాలుగు కర్రలు, కొన్ని పలకలు, పైన ఒక రేకు. పాతబట్టలు అమ్మేవాళ్ళకు బల్ల ఇంటికంటే ఎక్కువ. బల్ల ఉన్నవాళ్ళను బజారు పేరు పెట్టి పిలుస్తుంది. లేనివాళ్ళను "ఓయ్, పక్కకి జరుగు" అంటుంది. చిన్న వయసులో కంగుండో నుంచి వచ్చిన స్యోంబువా చాలా కాలం ఆ రెండో పిలుపుతోనే బతికింది.

పరదేశాల నుంచి గోనెలో కట్టి, తీగతో బిగించి వచ్చే పాతబట్టల బేలు విప్పి విడిగా అమ్మేటప్పుడు చుట్టూ ఆడవాళ్ళు వరసలు కడతారు. ముందు వరసకు మొదటి ఏరుడు. ఆ సరుకును అక్కడ కెమెరా అంటారు, ఫొటోకు నిలబడే సరుకని. వెనక వరసకు మిగిలింది. ఆ వెనక వరసకు మిగిలినదాంట్లో మిగిలింది. స్యోంబువాది ఆ చివరి వరస.

బల్ల సంపాదించిన మూడో ఏడు బజారు తగలబడింది. బల్ల పోయింది, బట్టలు పోయాయి. రొమ్ము దగ్గర దోపుకున్న ఫోను మిగిలింది. "బల్ల లేకపోతే ఏమైందమ్మా, ఫొటో పెట్టి అమ్ము" అంది కూతురు కతుంగే.

మొదటి ఫొటోకు ఒక నీలం గౌను నేల మీద పరిచి, పైనుంచి తీసింది. గౌనుకంటే దాని అంచున ఆమె పాదాలు బాగా పడ్డాయి. చాలామంది అడిగారు. ఒక్కరూ గౌను అడగలేదు. ఆ చెప్పులెంత అన్నారు. ఆమె చెప్పులు విప్పి, తుడిచి, అమ్మేసి, ఆ సాయంత్రం పాదాలకు అట్టముక్కలు కట్టుకుని ఇంటికి నడిచింది. తర్వాత కాళ్ళు వెనక్కి పెట్టి ఫొటో తీయడం నేర్చుకుంది. ఇంకో రెండు జతల చెప్పులు మాత్రం అలాగే అమ్మింది, కావాలనే.

ఎల్డొరెట్‌లో టీచరమ్మ, నకూరులో నర్సు, కిసుములో పెళ్ళిళ్ళకు పాడే అమ్మాయి. ఒకరి వెంట ఒకరు ఆమె ఫోన్లోకి వచ్చారు. ఎవరి కొలతలు ఏమిటో, ఎవరికి ఏ రంగు నచ్చదో ఆమెకు నోటికి వచ్చు. సరుకు కట్టి, జనాన్ని ఊరూరికీ తిప్పే మటాటూ బండిలో వేస్తే ఆ ఊరి స్టాండులో వాళ్ళు దించుకునేవారు. అలా ఫొటో ఫొటోగా మళ్ళీ ఒక బల్ల కట్టింది. ఏరుడు మాత్రం పాత వరసలోనే.

పక్క బల్ల వంగెచిది. మనిషి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. ముందు వరసలో ఆమె చోటు ఆమెదే. ఫోన్లో అమ్మడమంటే ఆమెకు చిన్నచూపు. "బొమ్మ చూపించి బట్ట అమ్మేవాళ్ళు, రేపు వాసన చూపించి కూర అమ్ముతారు" అనేది.

ఆ సంవత్సరం, బల్లలున్న చోటు యజమాని కొత్త మాట తెచ్చాడు. ఏడాది బాడుగ జూన్ నెలాఖరుకు ఒకేసారి కట్టాలి. కట్టనివాళ్ళ బల్ల అడిగినవాళ్ళకు పోతుంది. స్యోంబువా బల్లను వంగెచి అప్పుడే అడిగి పెట్టింది. రెండూ కలిపితే వెడల్పుగా ఉంటుందని. స్యోంబువా భయపడలేదు. బజారు ఆడవాళ్ళు కలిసి వేసుకునే చీటీలో మే నెల ఆమె వంతు. ఆ చీటీ డబ్బు బల్లకే అనుకుంది.

చీటీ ఎత్తుకున్న మర్నాడు ఆ డబ్బు నడుముకు కట్టుకుని ఫరా గోదాముకు వెళ్ళింది. ఫరా సోమాలీ మనిషి, బేళ్ళ వ్యాపారి. ఆమె వెళ్ళింది ఎప్పటిలా వెనక నిలబడటానికే.

వంగెచి ముందు వరస నుంచి తల తిప్పింది.

"కతుంగే వాళ్ళమ్మా, చీటీ ఎత్తుకున్నావటగా. బేలు కొంటున్నావా ఏం?"

"చూడ్డానికొచ్చానక్కా."

"చూడు, చూడు. చూపుకి ఫరా డబ్బులడగడు. ఎముకలు ఏరుకునేదానికి పళ్ళెం ఎందుకులే."

ఆడవాళ్ళు నవ్వారు. నవ్వు వరసలు దాటి వెనకదాకా వచ్చింది. వెనక వరసలోనూ ఇద్దరు నవ్వారు. అది తగిలింది స్యోంబువాకు.

"ఫరా అన్నా, ఆ మూల బేలు దేనిది?"

"కోట్లని రాసుంది. నేనూ చూళ్ళేదు చెల్లీ. నీకు కావాలంటే పిల్లల బట్టల బేలు ఇస్తా. తెలిసిన సరుకు."

"దాని తీగ కోయి."

"చెల్లీ, తీగ తెగిందంటే..."

"తెలుసు. కోయి."

గికోంబాలో ఆ మాటకు తిరుగు లేదు. తీగ తెగితే బేలు నీది. లోపల బంగారమున్నా నీదే, బూడిదున్నా నీదే. అందుకే కొనేవాళ్ళు ముందు బేలు మూలను పిడికిలితో పొడిచి చూస్తారు. పక్కకు దొర్లించి చూస్తారు. గోనె సందులో ముక్కు పెట్టి చూస్తారు. జన్మలో ఒక్క బేలు కొననివాళ్ళు కూడా ఇది చేస్తారు. పసిగుడ్డు చొక్కా జేబును కూడా వదలని స్యోంబువా ఆరోజు అది మరిచిపోయింది.

తీగ తెగగానే బేలు ఉబ్బింది. ఒత్తిడి పోయి, లోపలివి ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచాయి. పసుపు, నారింజ, ఎరుపు, ఆకాశం రంగు. ఫరా ఒకటి పట్టుకుని పైకెత్తాడు. అది కోటు కాదు. మెడ నుంచి మడమ దాకా ఒకటే బట్ట, మధ్యలో బారెడు జిప్పు, దిండంత మందం. రెండోదీ అదే. అడుగుదాకా అదే.

వరసల్లో మెడలు సాగాయి.

"పరుపుకి కాళ్ళు కుట్టారే" అంది ఎవరో.

ముందు వరస ఒక్క చెయ్యి చాచలేదు. బేలు విప్పాక ఎవరూ చెయ్యి చాచకపోవడం గికోంబాలో తిట్టుకంటే పెద్దది. వంగెచి చేతులు కట్టుకుని నిలబడింది. ఇంకేమీ అనవలసిన పని లేదు.

స్యోంబువా చీటీ డబ్బంతా ఫరా చేతిలో పెట్టి, బేలును బల్ల దగ్గరికి మోయించుకుంది. ఎదురుగా కుట్టుమిషను ఒకుముది. ఆయన లేచి వచ్చి ఒకటి విప్పి చూశాడు. స్యోంబువా చెయ్యి భుజం మీద ఉన్న చిన్న జేబులోకి వెళ్ళింది. గట్టి ప్లాస్టిక్ కార్డు తగిలింది. దాని మీద బొమ్మ. తెల్లటి కొండ, కొండ మీద ఇలాంటి బట్టే వేసుకున్న మనిషి, కాళ్ళకు రెండు పొడుగు పలకలు.

"ఇదా సంగతి" అన్నాడు ఒకుము. "పలకలు కట్టుకుని మంచు కొండ మీంచి కిందికి జారతారు వదినా."

"ఎందుకు?"

"మళ్ళీ ఎక్కడానికి."

ఫొటోలు తీసి పెట్టింది. హాంగరుకు వేలాడదీసి, ముందూ వెనకా, జిప్పు మూసి, జిప్పు తెరిచి. నవ్వే ముఖాల బొమ్మలు వచ్చాయి. నకూరు నర్సు మర్యాదగా, "ఆస్పత్రిలో మాకిలాంటివి అక్కర్లేదక్కా" అని రాసింది. ఇంకెవరో లోపల దూది ఎంత ఉంటుంది, దిండ్లకు సరిపోతుందా అని అడిగారు. మొంబాసా పెద్దాయన మాత్రం భుజం మీద బిళ్ళలున్నాయా అన్నాడు. మొంబాసాలో చెమట తప్ప చలి లేదు.

మే అయిపోయింది. జూన్ సగమైంది. బల్ల కింద బేలు అలాగే ఉంది. వచ్చేవాళ్ళు దాని మీద కూర్చుని చెప్పులు తొడిగి చూసుకునేవారు.

"కోసేద్దాం వదినా" అన్నాడు ఒకుము. "దూది దిండ్లకి, పైగుడ్డ సంచులకి. బల్ల నిలవదు. అన్నానికైతే వస్తుంది."

స్యోంబువా వంగి బేలులోంచి పైది లాగింది. "సరే. ఆ పసుపుదానితో మొదలెట్టు" అంది.

పొద్దున వాన పడి సందంతా బురదగా ఉంది. ఆ మధ్యాహ్నం బేరాలు లేవు. ఒకుము పసుపుదాన్ని మిషను మీద పరిచి, సుద్దతో గీత గీస్తున్నాడు. స్యోంబువా ఆఖరిసారిగా ఫోన్లో లైవ్ పెట్టి, ఒక ఎర్రదాన్ని చూపిస్తోంది. చూస్తున్నవాళ్ళు ముగ్గురు. అందులో ఒకరు కతుంగే.

వంగెచి తన బల్ల దాటి వచ్చింది.

"ఆగు ఒకుమూ. కోసేముందు ఒక్కసారి దొరసానినవుతా."

పసుపుదాన్ని లాక్కుని, గౌను మీదే కాళ్ళు దూర్చింది. పొట్ట దగ్గర జిప్పు ఆగింది. ఒకుము పట్టి లాగాడు. వంగెచి చేతులు దూరంగా పెట్టుకుని సందులో నడక మొదలెట్టింది.

"చూడండమ్మా చూడండి, స్యోంబువాగారి సరుకు. వేసుకుంటే నీళ్ళ ట్యాంకు, విప్పితే పరుపు. మొగుడు బయటికి గెంటితే గుమ్మంలోనే పడుకోవచ్చు."

సందు పగలబడి నవ్వింది. స్యోంబువా ఫోను ఇంకా హాంగరు వైపే ఉంది. తిప్పకపోతే ఈ అవమానం ఈ సందులోనే ఉండిపోతుంది. తిప్పితే ఎక్కడెక్కడి వాళ్ళో చూస్తారు. కాని ఆమె కన్ను బట్ట మీద పడింది. ఇన్నాళ్ళూ అది హాంగరుకు వేలాడింది. ఇప్పుడు మనిషి మీద ఉంది. మనిషి మీద ఉంటే అది వేరే బట్ట.

ఫోను తిప్పింది.

చూసేవాళ్ళు పెరుగుతున్నారు. వంగెచి అది గమనించి ఇంకా ఊపు పెంచింది. మురుగు కాలువ మీద వేసిన పలక ఎక్కి, నడుము మీద చెయ్యి పెట్టి తిరిగింది. పలక కూడా తిరిగింది. వంగెచి బురద నీళ్ళలో నడుము దాకా కూలబడింది.

సందులో నవ్వనివాళ్ళు లేరు. వంగెచి మాత్రం లేవలేదు. ఆమె ముఖం మారింది.

"దెబ్బ తగిలిందా అక్కా?" స్యోంబువా ముందుకు వచ్చింది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"ఆగు."

"చెయ్యివ్వు, లే."

"ఆగవే, చెప్తుంటే." వంగెచి జిప్పు కిందికి లాగి, లోపల చెయ్యి పెట్టి వెనకదాకా తడుముకుంది. "పొడిగా ఉంది."

"ఏంటి?"

"గౌను. పొడిగా ఉంది. నీళ్ళలో కూర్చున్నానా? పిర్రలకి తడే తగల్లేదు. పొయ్యి పక్కన కూర్చున్నట్టు వెచ్చగా ఉంది."

ఫోను తెర మీద ఒక మాట వచ్చింది. స్యోంబువా పైకి చదివింది.

"కొండల మీది లిమూరు నుంచి గితాహి అట. 'అక్కా, నిజం చెప్పు, నిజంగా తడవలేదా' అంటున్నాడు."

వంగెచికి కోపం వచ్చింది. బురదలోంచే ఫోనువైపు వేలు చూపింది. "ఈ సరుకు నాది కాదు. ఈవిడ నాకు చుట్టమూ కాదు. నేనెందుకు అబద్ధమాడతానురా? కావాలంటే వచ్చి నా గౌను పట్టుకు చూడు."

"గౌను వద్దంట" స్యోంబువా చదువుతోంది. "ఇతను బోడా తోలతాడంట. బాడుగ మోటారు సైకిలు. 'ఈ జూన్ చలిలో తెల్లారకముందే బండి తీస్తా. మంచు నీళ్ళు మోకాళ్ళలో దిగుతాయి. సాయంత్రానికి కాళ్ళు నావి కావు. అది నాకు పంపు. ఆ పసుపుదే.'"

"ఇది బురదయింది కదా?"

"కడిగి పంపమంటున్నాడు."

ఒకుము చేతిలోని కత్తెరను మిషను సొరుగులో పెట్టి మూశాడు.

పసుపుది ఉతికి, ఆరేసి, మర్నాడు లిమూరు మటాటూలో వేసింది. ఆ తర్వాతి ఉదయం ఫొటో వచ్చింది. టీ తోటల మధ్య తెల్లటి పొగమంచు, అందులో ఒక పసుపు మనిషి, కింద మోటారు సైకిలు. "వెచ్చగా ఉంది. ఇంకో సంగతి, లారీవాళ్ళకి దూరం నుంచే కనబడుతున్నా. మా స్టాండులో అందరూ అడుగుతున్నారు. నారింజది ఉందా?"

నారింజది ఉంది. ఎర్రదీ ఉంది. లిమూరు స్టాండు తర్వాత పై ఊరి స్టాండు. తర్వాత చీకటితో పాలు మోసేవాళ్ళు. కినంగోప్‌లో బంగాళాదుంపల చేలకు కాపలా కాసేవాళ్ళు. పరదేశీల కాళ్ళు పొడుగని, కింద కత్తిరించి మడిచే పని ఒకుముకు పడింది. ఆ మందానికి మామూలు సూదులు విరిగిపోతే చెప్పులు కుట్టే సూది బిగించాడు. దిండ్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

రోజూ మధ్యాహ్నం లైవ్. మొదటిరోజు చూసినవాళ్ళు తడవని ఆవిడేదని అడిగారు. వంగెచి వద్దంది, పనుందంది, బజారులో తన పరువేం కావాలంది. చివరికి సందు మధ్యలో నీళ్ళ తొట్టి పెట్టించింది తనే. ఆ తొట్టిలో కూర్చుని చాయ్ తాగుతూ చలి గురించి, మొగుళ్ళ గురించి మాట్లాడేది. చూడ్డానికి ఆగినవాళ్ళు ఆమె బల్ల మీద సరుకూ కొనేవారు.

జూన్ ముగియకముందే బల్ల కింద ఉత్త గోనె మిగిలింది. స్యోంబువా ఏడాది బాడుగ ఒకేసారి కట్టింది. యజమాని వంగెచివైపు చూశాడు. "మరి నువ్వడిగావు కదా ఆ బల్ల?"

"నాకొద్దు. అక్కడ కప్పు కారుతుంది" అంది వంగెచి. కప్పు ఎప్పుడూ కారలేదు.

ఆయన వెళ్ళాక ఇటు తిరిగింది. "బురదలో పడ్డది నేను. నా వాటా ఏదే?"

"ఏం కావాలో చెప్పక్కా."

"నా పక్కన నిలబడేది ఒకత్తి కావాలి. ఆ ముందు వరసలో అటూ ఇటూ మోచేతులతో పొడిచి చంపుతున్నారు. నీ మోచేతులు ఎముకలే. పనికొస్తాయి."

నెల చివరి రోజున ఫరా గోదాములో స్యోంబువా ముందు వరసలో నిలబడింది. పక్కకి జరుగని ఎవరూ అనలేదు. బేలు విప్పాక వెనక నుంచి ఎవరి చెయ్యో ఆమె భుజం మీదుగా వచ్చింది. స్యోంబువా దాన్ని మెల్లగా పక్కకు తప్పించి, తెల్ల నార చొక్కా ఒకటి లాగింది. దానికంటే మంచిది ఆ బేలులో లేదు. కెమెరా అంటే అదే.

"చెల్లీ" ఫరా పిలిచాడు. "అటు గోడ దగ్గర ఇంకో బేలుంది. కోట్లే. ఎవరూ తీసుకోవట్లేదు. నీ చెయ్యి మంచిది. తీగ కోయమంటావా?"

అందరూ ఆమె వైపు చూశారు. స్యోంబువా వెళ్ళి బేలు మూలను పిడికిలితో పొడిచింది. పక్కకు దొర్లించింది. గోనె సందులో ముక్కు పెట్టింది. ఏ తొందరా లేదు.

"కోట్లు కాదన్నా, కిటికీ తెరలు. తడిసి ఆరినవి" అంది. "నువ్వే పెట్టుకో."

ఈసారి నవ్వు ముందు వరసలో మొదలై వెనక్కి వెళ్ళింది.

మర్నాడు స్యోంబువా బల్ల తెరవలేదు. మొదటి మటాటూ ఎక్కి లిమూరు వెళ్ళింది. చీకటి ఇంకా విడలేదు. ఒంటి మీద పలచటి స్వెటరు. స్టాండు పక్కన చాయ్ అమ్మే ఆవిడ దగ్గర గ్లాసు తీసుకుని, రెండు చేతులా పట్టుకుని నిలబడింది. రోడ్డు కనబడటం లేదు. మోటారు చప్పుడు ముందు వచ్చింది. తర్వాత దీపం. తర్వాత పొగమంచులోంచి ఒక ఎర్ర మనిషి వచ్చాడు. అతని వెనక నీలం మనిషి. ఆ వెనక ఇద్దరు నారింజ మనుషులు, పాల క్యాన్లతో. ఆమె చాయ్ చల్లారింది.

ఎర్రబట్ట అతను బండి ఆపాడు.

"ఎక్కడికమ్మా?"

"కొండ పైదాకా. మళ్ళీ ఇక్కడికే."

"పైన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. చూసొద్దామని."

"ఈ చలిలో చూసేదేముంది? సరే, ఎక్కు. గట్టిగా పట్టుకో."

టీ తోటలు రెండు పక్కలా పోతున్నాయి. గాలి ముఖానికి కోస్తోంది. అతని వీపు వెనక మాత్రం లేదు. ఆమె అతని నడుము దగ్గరి బట్ట పట్టుకుంది.

"ఈ బట్ట ఎక్కడిది నాయనా?"

"గికోంబాలో ఒకావిడ అమ్ముతుంది. లావుగా ఉంటుంది. నీళ్ళ తొట్టిలో కూర్చుంటుంది."

"సరుకు ఆవిడదేనా?"

"మరెవరిది? పక్కనొకావిడ ఫోను పట్టుకుంటుందిలే. పనిమనిషి అనుకుంటా."

స్యోంబువా అతని వీపుకు తల ఆన్చి చాలాదూరం నవ్వింది. అతను దగ్గనుకున్నాడు. పైన ఒకసారి ఆపించి, దిగి, కింద మంచులో కదులుతున్న రంగులు కాసేపు చూసి, మళ్ళీ ఎక్కింది. స్టాండులో దిగాక అతను బాడుగ చెప్పాడు. ఆమె అందులో సగం చేతిలో పెట్టింది.

"ఏంటమ్మా ఇది? ఇంత చలిలో పైదాకా తిప్పి తెచ్చాను."

"నీకు చలెక్కడిది?" అంది స్యోంబువా.